కాలేయానికి జాతి ఉన్నదా?

అమెరికాలో వెలువడే వైద్య పరిశోధన వ్యాసాలలో మొదటి పట్టిక ఇంచుమించు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. పరిశీలనకు వచ్చినవారి వయస్సెంత, స్త్రీలెందరు, పురుషులెందరు, బరువెంత, నడుము చుట్టుకొలత ఎంత, రక్తంలో చక్కెర ఎంత అని వరుసగా వ్రాస్తారు. వాటి నడుమ ‘జాతి’ అని ఒక వరుస ఉంటుంది. వయస్సును పుట్టిన తేదీని బట్టి లెక్కిస్తారు. బరువును త్రాసు చెబుతుంది. నడుమును టేపు చెబుతుంది. చక్కెరను రసాయన పరీక్ష చెబుతుంది. మరి జాతిని చెప్పే పరికరమేది? అట్టి పరికర మేదీ లేదు. కాగితం మీద అచ్చువేసిన కొన్ని గళ్ళలో తనకు తగినదని తోచిన గడిలో ఆ మనిషి టిక్కు పెడతాడు. ఆ టిక్కే తరువాత లెక్కలలోకి ఎక్కి, చివరకు ‘ఈ జాతివారికి ఈ వ్యాధి ఎక్కువ, ఆ జాతివారికి తక్కువ’ అనే వాక్యంగా బయటికి వస్తుంది.

హెచ్.ఐ.వి. సోకినవారిలో కనిపించే కొవ్వు కాలేయ వ్యాధిని గురించి గత రెండు దశాబ్దాలలో వచ్చిన పరిశోధనలలో ఇట్టి వాక్యాలు తరచుగా ఉన్నాయి. హిస్పానిక్‌లలో ఎక్కువ, శ్వేతజాతివారిలో మధ్యరకం, నల్లజాతివారిలో తక్కువ అనేది ఆ వాక్యాల సారాంశం. ఇది అబద్ధం కాదు. అనేక చోట్ల లెక్కకు నిలిచిన విషయమే. అయితే ఇది ఒక ప్రశ్నకు ఆరంభమా, లేక సమాధానమా? విమర్శ అంతా ఇక్కడే ఉన్నది. ఈ భేదాన్ని ప్రశ్నగా తీసుకొన్న ప్రతిసారీ శాస్త్రం ఒక మెట్టు ఎక్కింది. సమాధానంగా తీసుకొన్నప్పుడు మాత్రం పరిశోధన ఆగిపోవడమే గాక, రోగికి నష్టం కలిగే మార్గం కూడ ఏర్పడింది.

కాలేయంలో కొవ్వు చేరడం

కాలేయం శరీరంలోని గ్రంథులన్నింటిలో పెద్దది. పెద్దవారిలో దాని బరువు సుమారు ఒకటిన్నర కిలోలు. ఆహారం నుండి వచ్చిన చక్కెరను, కొవ్వును సర్దుబాటు చేయడం దాని ముఖ్యమైన పనులలో ఒకటి. లోపలికి వచ్చే కొవ్వు ఎక్కువై, ఖర్చయ్యేదీ బయటికి పోయేదీ తక్కువైతే, మిగిలినది కాలేయ కణాలలోనే చిన్న చిన్న బిందువులుగా నిలిచిపోతుంది. నూటికి 5 వంతులకు మించి కొవ్వు చేరిన కాలేయాన్ని కొవ్వు కాలేయం అంటారు. మద్యపానం వలన ఇది వస్తుందని చాలాకాలంగా తెలుసు. మద్యం ముట్టనివారిలో కూడ ఇటువంటి కాలేయ వ్యాధి వస్తుందని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్, ఆయన సహచరులు వర్ణించి దానికొక పేరు పెట్టారు. 2023లో కాలేయ వైద్యుల అంతర్జాతీయ సంఘాలు ఆ పాత పేరును మార్చి, జీవక్రియల లోపంతో కూడిన కొవ్వు కాలేయ వ్యాధి అనే అర్థం వచ్చే పేరును స్వీకరించాయి. కొందరిలో ఈ కొవ్వు ఏ హానీ చేయక ఊరకే ఉంటుంది. మరికొందరిలో వాపు కలిగించి, కాలేయాన్ని మచ్చకట్టించి, ఏళ్ళు గడిచేసరికి సిరోసిస్‌కు, కాన్సరుకు దారితీస్తుంది.

హెచ్.ఐ.వి.కి దీనితో సంబంధమేమి? ఎయిడ్స్‌ను వైద్యులు మొదట గుర్తించినది 1981లో. 1996 ప్రాంతంలో మూడేసి మందులను కలిపి ఇచ్చే చికిత్స వచ్చిన తరువాత రోగుల ఆయుర్దాయం ఎంతో పెరిగింది. ఒకప్పుడు క్షయ, న్యుమోనియా వంటి అంటురోగాలతో చనిపోయేవారు నేడు 50, 60 ఏళ్ళు దాటి జీవిస్తున్నారు. అందుచేత గుండె జబ్బులు, మధుమేహం, కాలేయ వ్యాధులు వారిలో ముందుకు వచ్చాయి. పైగా తొలి రోజుల మందులలో కొన్ని, ముఖ్యంగా స్టావుడిన్, డిడనోసిన్ అనేవి, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలను దెబ్బతీసేవి. మైటోకాండ్రియా దెబ్బతింటే కొవ్వు దహనం కాక కాలేయంలోనే మిగిలిపోతుంది. ముఖం మీది, కాళ్ళ మీది కొవ్వు కరిగి పొట్టలోపల చేరడం కూడ ఆ మందుల కాలంలో తరచుగా కనిపించిన విపరీతం. కాలేయానికి సోకే ఇతర వైరస్‌లు లేని హెచ్.ఐ.వి. రోగులపై జరిగిన పరిశోధనలను సమీకరించి 2017లో ప్రచురించిన ఒక సమీక్షలో, చిత్ర పరీక్షల ద్వారా చూచినవారిలో 35 శాతం మందికి కొవ్వు కాలేయం ఉన్నట్లు తేలింది. అనగా ఇది చిన్న విషయం కాదు.

డల్లస్ లెక్కలు

జాతిభేదాల చర్చకు మూలమైనది మాత్రం హెచ్.ఐ.వి. రోగులపై జరిగిన పరిశోధన కాదు. టెక్సాస్ రాష్ట్రంలోని డల్లస్ నగరంలో సామాన్య ప్రజలపై జరిగినది. బ్రౌనింగ్, ఆయన సహచరులు 2004లో దానిని ప్రచురించారు. 2,287 మంది కాలేయాలలోని కొవ్వును అయస్కాంత అనునాద పద్ధతితో కొలిచారు. హిస్పానిక్‌లలో, అనగా స్పానిష్ మాట్లాడే అమెరికా దేశాలలో మూలాలు కలవారిలో, 45 శాతం మందికి కొవ్వు కాలేయం ఉన్నది. శ్వేతజాతివారిలో 33 శాతం, నల్లజాతివారిలో 24 శాతం. హిస్పానిక్‌లలో ఇది ఎక్కువగా ఉండడానికి వారిలో స్థూలకాయం, ఇన్సులిన్ నిరోధం ఎక్కువగా ఉండడమే కారణమని ఆ పరిశోధకులు వివరించారు. నల్లజాతివారిలో తక్కువగా ఉండడానికి మాత్రం బరువు, ఇన్సులిన్ నిరోధం, మద్యపానం, మందులు ఏవీ కారణంగా చూపలేకపోయారు.

ఈ వ్యాసాన్ని మెచ్చుకొనవలసిన అంశ మొకటి ఉన్నది. తెలియనిదానిని తెలియదని చెప్పి, భేదాన్ని ప్రశ్నగానే విడిచిపెట్టారు. అదే వ్యాసంలో మరొక ముఖ్యమైన సంగతి కూడ ఉన్నది. కొవ్వు కాలేయం ఉన్నవారిలో 79 శాతం మందికి రక్తంలోని ఎ.ఎల్.టి. అనే కాలేయ ఎంజైము మామూలుగానే ఉన్నది. రక్తపరీక్ష బాగున్నది కదా అని ఊరకుంటే ప్రతి అయిదుగురిలో ఇంచుమించు నలుగురు తప్పిపోతారన్నమాట. రోగికి ఎక్కువ ఉపయోగపడే సంగతి ఇదే. అయినా తరువాతి చర్చలలో ఎక్కువగా వినిపించినవి 45, 33, 24 అనే మూడు అంకెలే.

కొలబద్ద మారితే లెక్క మారుతుంది

హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఈ అంకెలను అన్వయించేటప్పుడు మొదట ఒక జాగ్రత్త అవసరం. 1984 నుండి బాల్టిమోర్, చికాగో, లాస్ ఏంజెలిస్, పిట్స్‌బర్గ్ నగరాలలో పురుషులపై ఒక దీర్ఘకాల పరిశీలన జరుగుతూ వచ్చింది. అందులో పాల్గొన్న 719 మంది కాలేయాలను సి.టి. స్కాన్ ద్వారా పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. హెచ్.ఐ.వి. ఉన్న పురుషులలో 13 శాతం మందికి, లేనివారిలో 19 శాతం మందికి కొవ్వు కాలేయం కనిపించింది. ఇక్కడ 13, 2017 సమీక్షలో 35. ఇంత తేడా ఎందుకు?

కారణాలలో ఒకటి కొలబద్ద. సి.టి. స్కాన్ కాలేయంలో కొవ్వు బాగా చేరిన తరువాతనే దానిని నమ్మకంగా పట్టగలదు. కొద్దిపాటి కొవ్వు దానికి దొరకదు. అయస్కాంత అనునాద పద్ధతి 5, 6 శాతం కొవ్వును కూడ పసిగడుతుంది. చిన్న కన్నుల వలకు చిన్న చేపలు కూడ పడతాయి. పెద్ద కన్నుల వలకు పెద్దవే పడతాయి. రెండు వలలను రెండు చెరువులలో వేసి, ఏ చెరువులో చేపలు ఎక్కువని తీర్పు చెప్పడం తగదు. ఒక నగరంలో ఒక పద్ధతితో కొలిచిన ఒక జాతిని, మరొక నగరంలో మరొక పద్ధతితో కొలిచిన మరొక జాతితో పోల్చడం కూడ ఇటువంటిదే. పైగా ఆ నాలుగు నగరాల పరిశీలనలో ఉన్నవారంతా పురుషులు. స్త్రీల విషయమై వారి లెక్కలు ఏమీ చెప్పవు.

ఆ వ్యాసం మరొక విధంగా విలువైనది. పొట్టలోపలి కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో, ఇన్సులిన్ నిరోధం తీవ్రంగా ఉన్నవారిలో, ఒకానొక జన్యు రూపం ఉన్నవారిలో కొవ్వు కాలేయం ఎక్కువగా కనిపించిందని అది చూపింది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో డిడనోసిన్ తరగతికి చెందిన పాత మందులను ఎక్కువకాలం వాడినవారికి కూడ ఇది ఎక్కువ. ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటి కొలవదగినది. పొట్టలోపలి కొవ్వును చిత్రం ద్వారా, ఇన్సులిన్ నిరోధాన్ని రక్తపరీక్ష ద్వారా, మందుల చరిత్రను ఆసుపత్రి చీటీల ద్వారా తెలుసుకోవచ్చు. నాలుగవదైన జన్యు రూపం కథ కొంత వివరంగా చెప్పుకోదగినది.

148వ స్థానం

2004లో మిగిలిపోయిన ప్రశ్నను డల్లస్ పరిశోధకులు విడిచిపెట్టలేదు. 2008లో రోమియో, కోహెన్, హెలెన్ హాబ్స్ మొదలైనవారు జన్యువులను గాలించి, పి.ఎన్.పి.ఎల్.ఎ.3 అనే జన్యువులో ఒక మార్పును పట్టుకొన్నారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనులో 148వ స్థానంలో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసినచోట మెథియోనిన్ చేరితే, కాలేయంలో కొవ్వు పెరుగుతుంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ప్రతులూ మారినవారి కాలేయంలో కొవ్వు, మార్పు లేనివారికంటే రెండింతలకు మించి ఉన్నది. మారిన ప్రోటీను తొందరగా నశించక కొవ్వు బిందువుల మీద పేరుకొని, వాటిని కరిగించే యంత్రాంగానికి అడ్డుపడుతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

ఈ మారిన ప్రతి హిస్పానిక్‌ల జన్యువులలో 49 శాతం, ఐరోపా సంతతివారిలో 23 శాతం, ఆఫ్రికా సంతతివారిలో 17 శాతం ఉన్నట్లు కనుగొన్నారు. అంతేగాక అదే జన్యువులో మరొకచోట వచ్చే వేరొక మార్పు ఆఫ్రికా సంతతివారిలో కనిపిస్తుందనీ, అది ఉన్నవారికి కొవ్వు తక్కువనీ తెలిసింది. 2004లో బరువుతోనే వివరించిన హిస్పానిక్‌ల ఆధిక్యానికి 2008లో జన్యువు కూడ ఒక కారణమయింది. 2004లో ఏ వివరణకూ అందని నల్లజాతివారి తక్కువకు కొంత ఆధారం దొరికింది. జాతి అనే టిక్కు వెనుక దాగిన ఒక కారణం వెలుగులోకి వచ్చింది.

ఇక్కడ అనేకులు చేసిన తప్పు ఏమనగా, జన్యువు దొరికింది కనుక జాతి అనే మాట శాస్త్రీయమయిందని భావించడం. తరగతిలో నేర్పే హార్డీ–వైన్‌బర్గ్ సూత్రాన్ని ఉపయోగించి విద్యార్థులే దీనిని సరిచూడవచ్చు. హిస్పానిక్‌లలో మారిన ప్రతి 0.49 అయితే మారనిది 0.51. రెండు ప్రతులూ మారనివారు 0.51 × 0.51, అనగా సుమారు 26 శాతం. నల్లజాతివారిలో మారనిది 0.83. రెండూ మారనివారు 0.83 × 0.83, అనగా సుమారు 69 శాతం. మిగిలిన 31 శాతం మందికి కనీసం ఒక ప్రతి మారి ఉంటుంది. ఐరోపా సంతతిలో ఇట్లా లెక్కిస్తే సుమారు 41 శాతం మంది ఆ మార్పును మోస్తున్నారు.

ఈ అంకెలను ఒకసారి పక్కపక్కన ఉంచి చూడాలి. హిస్పానిక్ అని టిక్కు పెట్టిన ప్రతి నలుగురిలో ఒకరికి ఈ మార్పు అసలు లేదు. నల్లజాతి అని టిక్కు పెట్టిన ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఒకరికి ఉన్నది. ఎదుట కూర్చున్న రోగి ఏ గడిలో టిక్కు పెట్టాడో చూచి అతని జన్యువును ఊహించే వైద్యుడు చాలాసార్లు తప్పుతాడు. సమూహపు సగటు సమూహాన్ని గురించి చెబుతుంది. దానిని ఒక్కొక్క మనిషికి అంటగట్టడం గణితానికి అపచారం.

గడిలో ఎవరున్నారు?

గళ్ళను గీచినది జీవశాస్త్రం కాదు, ప్రభుత్వం. అమెరికా సమాఖ్య ప్రభుత్వం 1977లో ఈ విభజనకు నియమాలు ఏర్పరచింది, 1997లో సవరించింది, 2024లో మళ్ళీ సవరించింది. హిస్పానిక్ అనేది ఒక గడి. అందులో మెక్సికో వారు, క్యూబా వారు, ప్యూర్టోరికో వారు, డొమినికన్ రిపబ్లిక్ వారు అందరూ ఉన్నారు. వీరి పూర్వీకులలో అమెరికా ఆదిమవాసులు, ఐరోపావారు, ఆఫ్రికావారు వేరువేరు పాళ్ళలో ఉన్నారు. అమెరికాలోని హిస్పానిక్‌లపై జరిగిన ఒక పెద్ద ఆరోగ్య పరిశీలన ఫలితాలను 2015లో ప్రచురించారు. మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా మూలాలు కలవారిలో కొవ్వు కాలేయపు సూచనలు ఎక్కువ. క్యూబా, ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్ మూలాలు కలవారిలో తక్కువ. ఒకే గడిలో ఇంత తేడా ఉంటే ఆ గడి పేరు చెప్పి ఏ వ్యాధిని నిర్ణయించగలరు?

అమెరికాకు వెళ్ళిన భారతీయుల కథ ఇంకా విచిత్రమైనది. 1970 జనాభా లెక్కలలో వారిని శ్వేతజాతిలో చేర్చారు. 1980 లెక్కలకు వచ్చేసరికి ఆసియా వారి క్రింద ‘ఏషియన్ ఇండియన్’ అనే ప్రత్యేకపు గడి ఏర్పడింది. 1970కి ముందే అక్కడ స్థిరపడిన ఒక తెలుగు వైద్యుడో ఇంజనీరో ఉంటే, పదేళ్ళలో ఆయన జాతి మారిపోయిందన్నమాట. ఆయన కాలేయంలో మాత్రం ఒక్క కణమైనా ఇందుకోసం మారలేదు.

ఈ గడిని నమ్మి తొందరపడిన ఉదాహరణ కూడ ఒకటి ఉన్నది. 2010లో యేల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు సన్నగా ఉన్న 95 మంది భారత సంతతి పురుషులను పరిశీలించి, ఎ.పి.ఒ.సి.3 అనే జన్యువులో రెండు మార్పులను పేర్కొన్నారు. వాటిలో ఏదైనా ఉన్నవారిలో 38 శాతం మందికి కొవ్వు కాలేయం ఉన్నదనీ, లేనివారిలో ఒక్కరికీ లేదనీ వ్రాశారు. భారతీయులకు సన్నగా ఉన్నా కొవ్వు కాలేయం ఎందుకు వస్తుందో తెలిసిపోయినట్లే అనిపించింది. అయితే 2011లో డల్లస్ పరిశోధకులు తమవద్ద ఉన్న ఎంతో పెద్ద సమూహంలో పరీక్షించగా ఆ మార్పులకూ కాలేయపు కొవ్వుకూ సంబంధం కనిపించలేదు. డల్లస్‌లో ఉన్నవారు భారతీయులు కారు కదా అనవచ్చు. కాని జన్యువు నిజంగా బలమైన కారణమైతే ఇతరులలోనూ కొంతైనా కనిపించాలి. తక్కువమందిని చూచి ఒక జాతికంతటికీ తీర్పు చెప్పడంలోని ప్రమాదాన్ని ఈ కథ బోధిస్తుంది.

జొహానెస్‌బర్గ్ చెప్పిన పాఠం

హెచ్.ఐ.వి. చికిత్సలో జాతి ప్రసక్తి మందుల విషయంలో కూడ వచ్చింది. డోలుటెగ్రవిర్ అనే కొత్త మందు వాడేవారు బరువు పెరుగుతున్నారనీ, నల్లజాతి స్త్రీలలో ఇది ఎక్కువనీ అనేక పరిశీలనలు తెలిపాయి. బరువు పెరిగినంత మాత్రాన కాలేయంలో కొవ్వు పెరిగినట్లు కాదు. కాని ఆ దారిలో అది మొదటి మలుపు కాగలదు.

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో 1,053 మందిపై జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఎఫావిరెంజ్ అనే పాత మందు వాడినవారికంటే డోలుటెగ్రవిర్ వాడినవారు, అందులోనూ టెనోఫోవిర్ కొత్త రూపంతో కలిపి వాడినవారు, ఎక్కువ బరువు పెరిగారు. పాల్గొన్నవారు ఇంచుమించు అందరూ నల్లజాతివారే. అయినా స్త్రీలు పురుషులకంటే ఎక్కువ పెరిగారు. ఒకే జాతి లోపల కనిపించిన ఈ తేడాకు జాతి కారణం కాజాలదు.

కేప్‌టౌన్ పరిశోధకులు 2021లో ఇంకొక మెట్టు ఎక్కారు. ఎఫావిరెంజ్‌ను శరీరంలో విచ్ఛిన్నం చేసే సి.వై.పి.2బి.6 అనే ఎంజైము కొందరిలో నెమ్మదిగా, కొందరిలో చురుకుగా పనిచేస్తుంది. నెమ్మదిగా పనిచేసేవారి రక్తంలో ఆ మందు మోతాదుకు మించి నిలుస్తుంది. అట్టివారు బరువు సరిగా పెరగరు. ఎంజైము చురుకుగా పనిచేసేవారు మాత్రం డోలుటెగ్రవిర్ వాడినవారితో సమానంగానే బరువు పెరిగారు. అనగా కొత్త మందు బరువును పెంచుతున్నదనుకొన్న తేడాలో కొంతభాగం, పాత మందు కొందరిలో బరువును అణచిపెట్టడం వలన వచ్చినదే. నెమ్మది రకపు జన్యువు ఆఫ్రికా సంతతిలో ఎక్కువ కనుక, జాతి పేరుతో చూచినవారికి ఇది జాతి లక్షణంగా కనిపించింది. జన్యువును కొలిచినవారికి మందుకూ ఎంజైముకూ ఉన్న సంబంధం కనిపించింది.

తప్పు లెక్క వలన నష్టమెవరికి?

ఇదంతా పండితుల వాదమని తోచవచ్చు. కాని నష్టపోయేది రోగి. అమెరికా జనాభాలో నల్లజాతివారు సుమారు 13 శాతమే అయినా, హెచ్.ఐ.వి. ఉన్నవారిలో వారు సుమారు 40 శాతం. ‘నల్లజాతివారికి కొవ్వు కాలేయం అరుదు’ అనే మాట వైద్యుని మనస్సులో నాటుకొంటే వారికి పరీక్ష చేయించడమే తగ్గుతుంది. డల్లస్ లెక్కలోని 24 శాతం అనగా ఇంచుమించు నలుగురిలో ఒకరు. నలుగురిలో ఒకరికి వచ్చేదానిని అరుదు అనడం ఏ భాషలోనూ సరికాదు.

ఇట్టి నష్టం ఊహ కాదనడానికి మూత్రపిండాల వైద్యమే సాక్ష్యం. 2009 నాటి ఒక ప్రసిద్ధ సూత్రం రోగి నల్లజాతివాడైతే మూత్రపిండాల పనితనాన్ని సుమారు 16 శాతం ఎక్కువచేసి చూపేది. దానివలన జబ్బు ఉన్నదానికంటే తక్కువగా కనిపించి, నిపుణుని వద్దకు పంపడం, అవయవ మార్పిడి జాబితాలో చేర్చడం ఆలస్యమయ్యే ప్రమాదం ఏర్పడింది. 2021లో అమెరికాలోని మూత్రపిండ వైద్య సంస్థలు ఆ జాతి గుణకాన్ని తొలగించాయి.

కాలేయం విషయంలో నేడు తొందర ఇంకా ఎక్కువ. వాపు, మచ్చలతో కూడిన కొవ్వు కాలేయానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో రెస్మెటిరమ్‌ను, 2025లో సెమాగ్లుటైడ్‌ను అనుమతించింది. హెచ్.ఐ.వి. ఉన్న సుమారు 50 మందికి సెమాగ్లుటైడ్ ఇచ్చి చూడగా, వారి కాలేయపు కొవ్వు ఉన్నదానిలో సుమారు 31 శాతం తగ్గిందని 2024లో ప్రచురితమయింది. పోల్చడానికి మందు ఇవ్వని వేరొక బృందం లేదు కనుక ఆ ఫలితాన్ని జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా చికిత్స కనుచూపు మేరలోకి వచ్చింది. చికిత్స లేని కాలంలో పరీక్ష తప్పినా ఒకటే. చికిత్స వచ్చిన తరువాత పరీక్ష తప్పితే చికిత్స కూడ తప్పుతుంది.

అట్లయితే గడిని కొట్టివేయవచ్చునా?

కొందరు విమర్శకులు జాతి అనే వరుసనే పట్టికల నుండి తీసివేయాలంటారు. ఇది రెండవ అంచుకు పోవడం. ఆ వరుస లేకపోతే 2004 నాటి ప్రశ్నయే పుట్టేది కాదు. ప్రశ్న పుట్టకపోతే 2008 నాటి జన్యువును వెదికే ప్రేరణలో ఒకటి లోపించేది. మందుల పరీక్షలలో ఏ సమూహాలను చేర్చుకొన్నారో, ఎవరిని వదిలివేశారో చెప్పేది కూడ ఆ వరుసయే. పేదరికం, మంచి ఆహారం దొరకని పేటలు, వైద్యం అందని ఊళ్ళు, తరతరాల వివక్ష ఇవన్నీ శరీరం మీద ముద్ర వేస్తాయి. వాటిని లెక్కించడానికి సమాజం మనిషికి తగిలించిన పేరును కూడ వ్రాసుకోవలసిందే.

కావున కోరవలసినది వేరొకటి. జాతిని వ్రాసినవారు దానిని ఎందుకు వ్రాశారో చెప్పాలి. అది జన్యువుకు బదులా, ఆహారానికి బదులా, వైద్యం అందకపోవడానికి బదులా? దేనికి బదులో తెలిస్తే, అసలుదానినే కొలవడం ఎందుకు కుదరలేదో కూడ చెప్పాలి. ఈ వివరణ లేని పట్టిక సగం వ్రాసిన పట్టికయే.

మన దేశపు సంగతి

హెచ్.ఐ.వి. ఉన్నవారి సంఖ్యలో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ముందువరుసలో ఉన్న రాష్ట్రాలు. భారత ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితంగా మందులు ఇవ్వసాగింది. ఆ తొలి సంవత్సరాలలో స్టావుడిన్ వాడినవారు చాలామంది. దానిని క్రమంగా మానుకొనవలసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సలహా ఇచ్చింది. ఇప్పుడు డోలుటెగ్రవిర్ కలిసిన మాత్ర వాడుకలో ఉన్నది. అనగా ఇరవై ఏళ్ళుగా చికిత్సలో ఉన్న ఒక రోగి శరీరం పాత మందును, కొత్త మందును రెండింటినీ చూచింది.

ఇటువంటి రోగికి అమెరికా పట్టికలోని ‘ఆసియా’ గడి ఏమీ చెప్పదు. జపాన్ వారు, వియత్నాం వారు, తెలుగువారు అందరూ అందులోనే ఉన్నారు. బరువు త్రాసు కూడ ఒక్కటే చాలదు. పశ్చిమ బెంగాల్ గ్రామాలలో 1,911 మంది పెద్దలను పరిశీలించి 2010లో ప్రచురించిన వ్యాసంలో 8.7 శాతం మందికి కొవ్వు కాలేయం కనిపించింది. వారిలో నూటికి 75 మంది శరీర భార సూచిక 25 లోపే. వీరు హెచ్.ఐ.వి. రోగులు కారు, కాని సన్నగా ఉన్నాడు కదా అని కాలేయాన్ని మరచిపోరాదని ఈ లెక్క హెచ్చరిస్తుంది. నడుము చుట్టుకొలత, రక్తంలో చక్కెర, మద్యపానపు అలవాటు, ఏయే మందులు ఎన్నేళ్ళు వాడినదీ అనే నాలుగు సంగతులు తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒక టేపు, ఒక చుక్క రక్తం, ఓపికగా అడిగే మనిషి ఉంటే చాలు.

డల్లస్ నుండి జొహానెస్‌బర్గ్ వరకు ఈ ఇరవై ఏళ్ళ చరిత్రలో ఒక క్రమం కనిపిస్తుంది. జాతి అనే మాట దగ్గర ఆగినచోట పట్టిక మిగిలింది. ఆ మాటను దాటి జన్యువును, ఎంజైమును, పొట్టలోపలి కొవ్వును, మందుల చరిత్రను కొలిచినచోట రోగికి పనికివచ్చే జ్ఞానం మిగిలింది. ఉపాధ్యాయులు ఏ శాస్త్ర పట్టికనైనా తరగతిలో చూపేటప్పుడు విద్యార్థులచేత ఒక్కొక్క వరుసకూ ఒక ప్రశ్న వేయించడం మంచిది: దీనిని ఏ పరికరంతో కొలిచారు? జవాబు దొరకని వరుస వచ్చినప్పుడు అక్కడ ఆగి, దాని వెనుక కొలవదగినది ఏమున్నదో వెదకాలి. 2008లో డల్లస్ పరిశోధకులు చేసినది అదే.